గట్టి వాన కొడితే పెరటి కొలను పొంగి ఇంటి వైపు వస్తోంది, ఏం చేయాలి?

కలువబాట

షీటు వేసి చేసుకున్న కొలను మాది. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు. ఒక కొసన రాళ్లు పేర్చి చిన్న ధార పెట్టాను, పంపు అడుగున ఉంది. గోల్డ్‌ఫిష్‌లు, గప్పీలు, కుండీల్లో కలువలు ఉన్నాయి. జల్లులకి ఏ ఇబ్బందీ లేదు. గట్టి వాన గంటసేపు కొడితే మాత్రం నీళ్లు పొర్లి తిన్నగా వెనక గుమ్మం వైపు వస్తున్నాయి. వాన వెలిసేసరికి కొలనంతా ఎర్రటి బురద. మొన్నటి వానకి గప్పీలు కొన్ని కొట్టుకుపోయి గడ్డిలో చచ్చిపడి ఉన్నాయి, చూసి చాలా బాధేసింది. ఇప్పటిదాకా బకెట్లతో తోడిపోస్తున్నాను. మురుగు నీళ్లు తోడే చిన్న పంపు ఒకటి ఫ్లోట్ స్విచ్‌తో (నీటిమట్టం పెరిగితే పంపుని దానంతటదే నడిపేది) పెట్టేస్తే తీరిపోతుందా? చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

మట్టిగట్టు

పంపు సంగతి తర్వాత చూద్దాం. కొలనులోకి వస్తున్నది నేరుగా పైనుంచి పడే వానేనా, ఇంకెక్కడి నీళ్లైనా వచ్చి కలుస్తున్నాయా?

ఎందుకు అడుగుతున్నానంటే, 1 మిల్లీమీటరు వాన 1 చదరపు మీటరు మీద పడితే 1 లీటరు. మీ కొలను పైభాగం 6 చదరపు మీటర్లు. 50 మి.మీ. అంటే బాగా గట్టి వానే. అదంతా కొలనులో పడినా వచ్చేది 300 లీటర్లు, మట్టం పెరిగేది 5 సెంటీమీటర్లు. అంచుదాకా నిండుగా ఉన్నా ఆ కాస్త నీళ్లు చుట్టుపక్కల నేలలో ఇంకిపోవాలి గానీ గుమ్మం దాకా పారవు. పైగా పైనుంచి పడే వానకి బురద రంగు ఉండదు కదా. నా అనుమానం డాబా గొట్టం మీద, పెరటి వాలు మీద. ఈసారి వాన పడుతుండగానే గొడుగేసుకుని పెరడంతా ఒకసారి తిరిగి చూడండి. నీళ్లు ఎక్కడ పుట్టి ఎటు పోతున్నాయో అప్పుడే కనబడుతుంది, ఎండలో ఎంత చూసినా తెలియదు.

కలువబాట

మీరన్నట్టే చూశానండీ. డాబా గొట్టం కొలనుకి ఎగువన, గోడ మూల దగ్గర దిగుతుంది. అక్కణ్నుంచి నేల కొలను వైపే వాలి ఉంది. నీళ్లు చిన్న కాలువ కట్టి, ధార రాళ్ల సందుల్లోంచి నేరుగా కొలనులో పడుతున్నాయి. డాబా సుమారు 80 చదరపు మీటర్లు ఉంటుంది. మొత్తానికి గొట్టం ఒక్కటే.

మట్టిగట్టు

అయితే దొరికినట్టే. 80 చదరపు మీటర్ల డాబా మీద 50 మి.మీ. వాన పడితే 4000 లీటర్లు. మీ కొలను గోడలు నిట్టనిలువుగా ఉన్నాయనుకున్నా మొత్తం పట్టేది 3600 లీటర్లే. గోడలు వాలుగా ఉంటే ఇంకా తక్కువ. అంటే ఒక్క వానకి కొలనెడు నీళ్లు కొత్తగా వచ్చి పాత నీళ్లని బయటికి నెట్టేస్తున్నాయి. గప్పీలు పోయింది ఆ ఉరవడికే.

అందుకని ముందు బయటి నీళ్లని ఆపాలి, తర్వాత అంచు సరిచేయాలి, ఆ తర్వాతే అలుగు, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి. ఈ వరస తప్పి ముందే అలుగు పెడితే పొంగు ఆగుతుంది గానీ బురద ఆగదు, చేపలకి ఊరటా ఉండదు.

డాబా గొట్టానికి కింద ఎల్బో వేసి, 110 మి.మీ. పైపుతో ఆ నీళ్లని కొలను పక్కనుంచి దిగువకి తీసుకుపోండి. పైపు వేసే వీలు లేకపోతే కొలనుకి ఎగువన నెలవంక ఆకారంలో వెడల్పుగా, లోతు తక్కువగా కాలువ తవ్వి, తవ్విన మట్టిని కొలను వైపు గట్టుగా పోసి బాగా దిమ్మిస కొట్టండి, పైన గడ్డి నాటండి. గడ్డి వేళ్లు పట్టేదాకా ఆ గట్టుని నమ్మకూడదు, ఒక్క వానకే గండి పడుతుంది.

ఇక అంచు. చుట్టూ ఉన్న నేలకంటే కొలను అంచు 8 నుంచి 10 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. నేలతో సమానంగా ఉంటేనే సహజంగా కనిపిస్తుందని చాలామంది ఎత్తు పెట్టరు. నాకూ ఆ అందం ఇష్టమే. కానీ పెరట్లో వేసిన ఎరువు, కొట్టిన పురుగుమందు ప్రతి వానకీ అందులోకే దిగుతాయి. ఎరువు చేరిన నీళ్లలో పాచిని ఆపడం ఎవరి తరమూ కాదు. రాళ్లు పేర్చి, వాటి వెనక షీటుని పైకి లేపి నొక్కిపెడితే ఎత్తు పెట్టినట్టు కనిపించదు.

రాతిధార

నేను మాత్రం పంపు తరఫునే మాట్లాడతాను. మా స్థలంలో కొలనే అన్నిటికంటే పల్లంలో ఉంది, నీళ్లు వాటంతటవే బయటికి పోయే దారి ఏ వైపూ లేదు. పక్కన చిన్న తొట్టి కట్టి, కొలను అలుగుని అందులోకి వదిలి, ఫ్లోట్ స్విచ్ పంపు ఆ తొట్టిలో పెట్టాం. బాగా పనిచేస్తోంది. కలువబాట గారూ, ఏం చేసినా పంపుని పొంగు కోసం కొలనులోనే దించకండి. ఫ్లోటు ఏ కలువ కాడకో చిక్కుకుందంటే ఆగకుండా తోడేస్తుంది, చేపలు అడుగున బురదలో మిగులుతాయి. తొట్టిలో ఉంటే ఎంత తోడినా కొలను మట్టం అలుగు కంటే కిందికి దిగదు.

మట్టిగట్టు

తొట్టి పద్ధతి మంచిది, వాలు లేనిచోట అంతకంటే దారి లేదు. కానీ కలువబాట గారి పెరటికి వాలుంది. వాలున్నచోట పంపు మీద ఆధారపడటానికి నేను ఒప్పుకోను. కరెంటు పోయేది గాలివాన రోజునే, పొంగు వచ్చేదీ ఆ రోజునే.

రాతిధార

అది నిజమే, అందుకే మేం ఇన్వర్టర్‌కి కలిపాం. కరెంటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, దయచేసి అందరూ వినండి. ప్లగ్గులు, జాయింట్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు కొలను ఎంత పొంగినా అందనంత ఎత్తులో ఉండాలి. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. వానలో చెత్త తీద్దామని నీళ్లలో చెయ్యి పెట్టేముందు ధార పంపు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి.

పైపులపని

అలుగు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చాలా కొలనులకి 25 లేదా 32 మి.మీ. పైపు ముక్క ఒకటి గోడలోంచి బయటికి పెట్టి అలుగు అంటారు. రెండు ఆకులు అడ్డం పడితే దాని పని అయిపోయింది.

నాకు ఎప్పుడూ తెరిచిన అలుగే ఇష్టం. అంచులో ఒకచోట, ఇంటికి దూరంగా ఉన్న వైపున, 40 సెంటీమీటర్ల వెడల్పు మేర మిగతా అంచుకంటే 4 సెంటీమీటర్లు తగ్గించండి. షీటు తెగకుండా దాని మీదుగా అవతలికి పోవాలి, పైన పలకరాళ్లు పరవాలి. ఆ వెడల్పు మీద 3 సెంటీమీటర్ల మందాన నీళ్లు దూకితే సెకనుకి 3 లీటర్ల పైనే పోతాయి. గంటకి 100 మి.మీ. చొప్పున కుండపోత పడినా 80 చదరపు మీటర్ల డాబా నుంచి వచ్చేది సెకనుకి 2.2 లీటర్లు. అంటే ఎప్పుడైనా డాబా పైపు మూసుకుపోయి ఆ నీళ్లన్నీ కొలనులోకి మళ్లినా ఈ అలుగు తట్టుకుంటుంది. ఆకులు వచ్చినా పైనుంచి కొట్టుకుపోతాయి, ఇంకా అడ్డం పడితే కిటికీలోంచి చూసినా కనబడుతుంది.

పైపే కావాలంటే 110 మి.మీ. వేయండి. మీటరుకి 1 సెంటీమీటరు వాలుతో అది నిండుగా పారితే సెకనుకి ఆరేడు లీటర్లు లాగుతుంది, సగం పారినా మూడు లీటర్లకి తగ్గదు. అదే వాలులో 50 మి.మీ. పైపు నిండా పారినా సెకనుకి ఒక లీటరు దరిదాపే. కొలను లోపలి కొసన టీ (మూడు నోళ్లుండే పైపు ముక్క) బిగించండి. ఒక నోరు నీళ్లలోకి కిందికి, ఇంకొకటి నీటిమట్టం పైన గాలిలోకి తెరిచి ఉండాలి. కింది నోటిలోంచి నీళ్లు వస్తాయి కాబట్టి పైన తేలే ఆకులు పైపులోకి రావు. పై నోరు మూసేయాలని కొందరు మూత బిగిస్తారు, అది మాత్రం వద్దు. పైపు నిండా నీళ్లు పట్టి సైఫన్ పుడితే వాన ఆగాక కూడా ఆ కింది నోటి దాకా కొలనుని లాగేస్తుంది. పై నోటికి కావాలంటే జాలీ వేయండి, గాలి ఆడాలి అంతే.

షీటులోంచి పైపు బయటికి తీసేచోట ట్యాంక్ కనెక్టర్ వాడండి, షీటుకి రెండు వైపులా రబ్బరు వాషర్లు రావాలి. షీటుకి కనెక్టర్ పట్టేంత రంధ్రం మాత్రమే కోసి, దూర్చి బిగించాలి.

కలువబాట

చాలా చాలా ధన్యవాదాలు. తెరిచిన అలుగే పెడతాను. దాని మీంచి గప్పీలు మళ్లీ పోకుండా జాలీ అడ్డం పెట్టొచ్చా?

పైపులపని

పెట్టొచ్చు, కానీ అలుగు నోటికే అంటించి పెట్టకండి. జాలీ నిండా ఆకు పట్టిందంటే అలుగు మూసేసినట్టే, నీళ్లు మళ్లీ పాత దారే వెతుక్కుంటాయి. అలుగుకి ఒక అడుగు లోపలగా, అర్ధవృత్తంలా వంచి నిలబెట్టండి. జాలీ ఎంత పొడవుంటే దాని గుండా నీటి వేగం అంత తగ్గుతుంది, ఆకులు గట్టిగా అతుక్కోవు, చేపలు కూడా దానికి ఒత్తుకుపోవు. అయినా గప్పీ పిల్లలు కొన్ని జారిపోతాయి. వాటిని ఆపేంత సన్న జాలీ వానాకాలంలో నిలవదు.

తామరతూడు

చేపల గురించి ఒక మాట. గడ్డిలో దొరికినవి కాక కొలనులోనే తేలినవి ఉన్నాయా? వాన తర్వాత రెండు మూడు రోజులకి?

కలువబాట

ఉన్నాయండీ. ఒక గోల్డ్‌ఫిష్ మూడో రోజు పోయింది. మిగతావి పైకొచ్చి నోరు తెరుస్తూ కనిపించాయి. బురద వల్ల అనుకున్నాను.

తామరతూడు

బురద ఒక కారణం కావచ్చు, కానీ కేహెచ్ (నీళ్లలో కార్బనేట్లు ఎంత ఉన్నాయో చెప్పే కొలత) కూడా చూడాలి. వాన నీటిలో కార్బనేట్లు దాదాపు ఉండవు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల శుభ్రమైన వాన పీహెచ్ (ఆమ్లత కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం) కూడా 5.6 దగ్గర ఉంటుంది. కొలను నీళ్లలో ఉన్న కార్బనేట్లే పీహెచ్‌ని నిలకడగా పట్టి ఉంచుతాయి. అవి పలచబడితే రాత్రికీ పగలుకీ పీహెచ్ బాగా ఊగుతుంది, ఒక్కోసారి కుప్పకూలుతుంది. చేపలు తట్టుకోలేనిది ఆ మార్పునే.

వాన నీళ్లంటే భయపడమని నేను చెప్పడం లేదు. మట్టిగట్టు గారి లెక్కే చూడండి. నేరుగా పడే 300 లీటర్లు 3600లో కలిస్తే పలచబడేది ఎనిమిది శాతం. ఏ చేపా దాన్ని లెక్కచేయదు. అదే 4000 లీటర్లు వచ్చి కలుస్తూ పొర్లిపోతుంటే వాన వెలిసేసరికి కొలను నీళ్లలో సుమారు మూడింట రెండొంతులు మారిపోయి ఉంటాయి.

డ్రాప్ టెస్ట్ కిట్‌తో కేహెచ్ చూడండి. 4 డిగ్రీల కంటే తక్కువ ఉంటే పెంచాలి. 1000 లీటర్లకి 30 గ్రాముల వంటసోడా వేస్తే 1 డిగ్రీ పెరుగుతుంది. బకెట్ నీళ్లలో కరిగించి ధార దగ్గర కొద్దికొద్దిగా పోయండి, రోజుకి ఒక డిగ్రీకి మించి పెంచొద్దు. నిలకడగా ఉండటానికి ఆల్చిప్పలో సున్నపురాయి ముక్కలో వలసంచిలో కట్టి ధార కింద ఉంచండి, నీళ్లు పలచబడినప్పుడల్లా అవి కాస్త కాస్త కరుగుతుంటాయి. సున్నం మాత్రం ఎవరు చెప్పినా వేయకండి, పీహెచ్ ఒక్కసారిగా ఎగిసి ఉన్న చేపలూ పోతాయి.

నోరు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ తక్కువైంది. మబ్బు పట్టి, నీళ్లు బురదగా ఉన్నప్పుడు మొక్కలు, పాచి ఆక్సిజన్ పెద్దగా ఇవ్వవు, రాత్రంతా తీసుకుంటాయి. అందుకని వానలో ధార ఆపొద్దు. రాతిధార గారు చెప్పినట్టు చెయ్యి పెట్టేటప్పుడు ప్లగ్గు తీయండి, పని అయ్యాక వెంటనే తిరిగి పెట్టండి.

చెట్టునీడ

మా కొలనులో వేరే సమస్య, ఇక్కడే అడుగుతున్నా. వరసగా వానలు పడ్డాక అడుగున షీటు పెద్ద పెద్ద ఉబ్బులుగా పైకి లేస్తోంది. కుండీలు పక్కకి ఒరిగిపోయాయి. నీళ్లన్నీ తోడేసి షీటు సరిచేద్దామనుకుంటున్నాను.

మట్టిగట్టు

ఆగండి, తోడకండి! ఆ ఉబ్బుల కింద ఉన్నది భూమిలో ఊరిన నీళ్లు. నేల నానిపోయి, షీటు బయట నీటిమట్టం కొలను మట్టం దాకా వచ్చింది. ఇప్పుడు షీటుని కిందికి అదిమిపెడుతున్నది కొలనులో ఉన్న నీటి బరువే. అది తీసేస్తే షీటు మొత్తం లేచి అంచుల్లోంచి ఊడి వస్తుంది. సిమెంటు తొట్టి అయినా ఇంతే, నేల నానిన రోజుల్లో ఖాళీ చేస్తే తొట్టికి తొట్టే పైకి లేవొచ్చు, పగుళ్లు రావొచ్చు. కొలనుని నిండుగానే ఉంచండి. నేల ఆరాక ఉబ్బు చాలావరకు దానంతటదే దిగుతుంది.

శాశ్వతంగా పోవాలంటే కొలనుకి ఎగువ పక్కన, కొలను అడుగు లోతుకి కందకం తవ్వి, చిల్లుల పైపు వేసి, చుట్టూ జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లని వదిలి మట్టిని ఆపేది) చుట్టి కంకర నింపి, ఆ పైపుని దిగువకి వదలాలి. ఎండాకాలంలో చేయాల్సిన పని.

చెట్టునీడ

మంచివేళ అడిగాను, పంపు తెచ్చి పెట్టుకున్నాను కూడా. ఆపేశాను.

ఇంకుడుగుంత

అందరూ కొలను గురించే రాశారు, బయటికి పంపిన నీళ్లు ఎక్కడికి పోతాయో ఎవరూ అడగలేదు. నా ఉద్దేశంలో అసలు ఆలోచించాల్సింది అదే. ఇంటి పునాదికి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి, 5 ఉంటే ఇంకా మంచిది. సెప్టిక్ ట్యాంక్ దగ్గరికి వద్దు. పక్కవాళ్ల ప్రహరీ కిందికి వదలడం అసలే వద్దు. మురుగు లైనుకి కలపకండి, వాన నీళ్లు దాంట్లోకి వదిలితే ఎక్కడో ఒకచోట మురుగు వెనక్కి తన్నుతుంది.

ఇంకుడు గుంత తవ్వుదామనుకుంటే ముందు నేల చూసుకోండి. 30 సెంటీమీటర్ల లోతు గుంత తీసి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి మర్నాటికి కూడా నిలిచి ఉంటే అది బంకమట్టి, అక్కడ గుంత తవ్వడం శ్రమ దండగ.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కంకర నింపిన గుంతలో నీళ్లు నిలిచేది రాళ్ల మధ్య ఖాళీలోనే, అది 30 నుంచి 40 శాతం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత పట్టేది 300, 400 లీటర్లు. కొలను మీద పడే 300 లీటర్లకి అది చక్కగా సరిపోతుంది. డాబా నీళ్లు 4000 లీటర్లకి అలాంటివి పది కావాలి! కాబట్టి ఆ రెండింటినీ కలపకండి. డాబా నీళ్లకి ట్యాంకో, డ్రమ్ములో పెట్టి మొక్కలకి వాడుకోండి, మిగిలినవి వాన నీటి కాలువకి వెళ్లాలి. అలుగు నీళ్లు గుంతకి వెళ్లాలి.

గుంత తవ్వకుండా అలుగు దిగువన చెంబులోతు పల్లం చేసి, తడిని తట్టుకునే మెట్టతామర (కేన) లాంటివి నాటినా బాగుంటుంది. కొలను నీళ్లలో చేపల రెట్ట కలిసి ఉంటుంది, మొక్కలకి మంచి బలం. నీళ్లు రెండు రోజులకి మించి నిలవకుండా చూసుకుంటే చాలు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వెచ్చటి వాతావరణంలో వారం, పది రోజులు పడుతుంది, ఆలోగా ఆరిపోతే బెడద లేదు.

దగ్గరలో వాగో చెరువో ఉంటే అలుగు తిన్నగా అందులోకి మాత్రం కలపొద్దని నా మనవి. గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు అక్కడ ఉన్న చిన్న చేపల్ని ఉండనివ్వవు. గుర్రపుడెక్క ముక్క ఒకటి వెళ్లినా చాలు, ఆ చెరువు దాన్ని వదిలించుకోలేదు.

కలువబాట

పని చాలావరకు అయింది, వివరాలు చెబుతాను. డాబా గొట్టానికి ఎల్బో వేసి డ్రమ్ములోకి, డ్రమ్ము నిండాక 110 పైపులో దిగువ కాలువకి మళ్లించాం. మేస్త్రీ లెవెల్ పైపు పెట్టి అంచంతా చూస్తే గుమ్మం వైపు అంచు మిగతా చోట్లకంటే రెండు సెంటీమీటర్ల పైనే కిందికి ఉంది. నీళ్లు ప్రతిసారీ అటే ఎందుకు వచ్చాయో అర్థమైంది. ఆ వైపు ఎత్తు చేసి, దూరపు వైపున 40 సెంటీమీటర్ల అలుగు పెట్టి దిగువన మెట్టతామర నాటాను. కేహెచ్ 2 వచ్చింది, మెల్లగా 4కి తెచ్చాను.

నిన్న రాత్రి పెద్ద వాన. గుమ్మం వైపు చుక్క రాలేదు, నీళ్లు తేటగా ఉన్నాయి, చేపలన్నీ ఉన్నాయి. ఒక్కటే, నీళ్లు దూకేచోట మట్టి కోసుకుపోయి చిన్న గొయ్యి పడింది.

మట్టిగట్టు

చాలా సంతోషం. ఆ గొయ్యిని ఇప్పుడే పట్టించుకోండి, అది వెనక్కి కోసుకుంటూ అలుగు కిందికి వస్తుంది. గొయ్యిలో షీటు ముక్కో, జియోటెక్స్‌టైల్ గుడ్డో పరిచి పైన పిడికిలి కంటే పెద్ద రాళ్లు ఒత్తుగా పేర్చండి. గుడ్డ లేకుండా రాళ్లే వేస్తే సందుల్లోంచి మట్టి జారిపోయి రాళ్లు కుంగిపోతాయి. చిన్న గులకరాళ్లు వద్దు, మొదటి వానకే పోతాయి.

వానచినుకు

కొత్తగా చేరాను, మొత్తం చదివాను. మా కొలనుకి నీళ్లు తగ్గితే వాటంతటవే నిండేలా ఫ్లోట్ వాల్వ్ ఉంది. అలుగు పెడితే దానితో ఏమైనా ఇబ్బందా?

పైపులపని

వాల్వ్ మూసుకునే మట్టం అలుగు కంటే కనీసం 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. రెండూ ఒకే మట్టంలో ఉంటే, ధార చేసే అలలకి ఫ్లోటు కాస్త దిగినప్పుడల్లా వాల్వ్ తెరుచుకుని కుళాయి నీళ్లు అలుగు మీంచి పోతూనే ఉంటాయి. బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆ 5 సెంటీమీటర్ల ఖాళీ వాన నీళ్లు పట్టడానికి కూడా పనికొస్తుంది, 50 మి.మీ. వాన అందులోనే ఇమిడిపోతుంది.

ఇంకోటి, నీళ్లు వదిలే పైపు కొస కొలనులో మునిగి ఉండకూడదు. అలుగు మట్టానికి ఐదారు సెంటీమీటర్లు పైన ఉండాలి. లేకపోతే మెయిన్ లైనులో ఒత్తిడి పడిపోయినప్పుడు కొలను నీళ్లు వెనక్కి లాగి తాగే నీళ్లలో కలుస్తాయి. మీ వాల్వ్ దగ్గర విడిగా గేట్ వాల్వ్ ఉందా? ఉంటే వానాకాలమంతా దాన్ని కట్టేసి ఉంచండి.

వానచినుకు

ఉందండీ. పైపు కొస ఇప్పుడు నీళ్లలోనే ఉంది, రేపు పైకి మారుస్తాను.